దించని పాటతో మద్రాసు దాకా

ఈ ప్రయాణానికి మూలం ఒక పచ్చ కవరు. అరవైల చివర, మార్చి నెల మొదట్లో ఒక మధ్యాహ్నం, విజయనగరంలో మా అరుగు మీద పోస్టుమాన్ పడేసి వెళ్ళాడు. నేను ఆడపిల్లలకు సంగీతం చెప్పే బడిలో పంతులమ్మను. నాకు వచ్చే ఉత్తరాలు సాధారణంగా "మా అమ్మాయికి గొంతు పట్టేసింది, పది రోజులు సెలవివ్వండి" అని తండ్రులు రాసేవి. ఇది మద్రాసు నుంచి వచ్చింది. దేశంలో గ్రామఫోను రికార్డులు చేసే కంపెనీలన్నీ కలిసి ఏటా ఒక సభ జరిపి, ఆ ఏడు వచ్చినవాటిలో మేలైన రికార్డులకు బహుమతులు ఇస్తాయట. ఈసారి జానపద రికార్డు బహుమతి కళింగపట్నం వల పాటకు వచ్చిందట. పాడిన పోలయ్యనూ, తోడుగా అతని భార్యనూ వెంటబెట్టుకుని రావలసిందని, ముగ్గురికీ రానూ పోనూ థర్డ్ క్లాసు ఖర్చులు మావేనని రాశారు.

నాకే ఎందుకు రాశారంటే, రెండేళ్ళ క్రితం ఆ కంపెనీవాళ్ళు టేపు మిషను వేసుకుని పల్లెపాటల కోసం తిరుగుతున్నప్పుడు, కళింగపట్నం తీసుకెళ్ళింది నేనే. పోలయ్య అక్కడ పెద్దవల లాగే జట్టుకు పాట ఎత్తేవాడు. అతను ఒక మాట అంటే, తాడు పట్టుకున్న ఇరవైమందీ బదులు పలికి ఒక్క లాగు లాగేవారు. ఒడ్డున గాలి హోరుకి మిషను పనిచేయలేదు. అందుకని ఊళ్ళోని ప్రయాణికుల బంగళా గదిలో తలుపులు మూసి, వలా లేకుండా తాడూ లేకుండా పాడించారు. రికార్డు మీద ఒక్కో పాటకు మూడు నిమిషాలే చోటు. వాచీ నా చేతికిచ్చి కూర్చోబెట్టారు. మూడు నిమిషాలు కాగానే నేను చెయ్యెత్తాను, మిషను ఆగింది. పోలయ్య మాత్రం ఆగలేదు. "చాలు నాయనా, అయిపోయింది" అన్నాను. జట్టువాళ్ళంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పల్లెటూరి మొహమాటం అనుకుని, అందరికీ కాఫీ పోయించి వచ్చేశాను.

ఆదివారం ఉదయం ఆరుంబావు పాసింజరెక్కి, శుభవార్త చెప్పడానికి బయలుదేరాను. ఎనిమిదిన్నరకు ఆమదాలవలస. స్టేషను బోర్డు మీద శ్రీకాకుళం రోడ్డు అని ఉంటుంది, దిగేది ఆమదాలవలసలో, శ్రీకాకుళం అక్కడికి ఎనిమిది మైళ్ళు. కొత్తవాళ్ళు తికమకపడకూడదని చెప్తున్నాను. ధాన్యం బస్తాల మధ్య దారి చేసుకుని బస్సెక్కాలి. శ్రీకాకుళంలో ఇడ్లీ బాగుంది, కాఫీ నోట పెట్టుకునేలా లేదు. అక్కడ బస్సు మారి, పన్నెండింటికి కళింగపట్నంలో దిగాను.

పోలయ్య భార్య నరసమ్మ ఇసుకలో నెత్తళ్ళ చేపలు ఆరబోస్తోంది. ఆమె తమ్ముడు సోములు తాడు చుట్టలు చుడుతున్నాడు. పోలయ్య పడవ నీడలో కూర్చుని వల కుట్టుకుంటున్నాడు. నేను ఉత్తరం పైకెత్తి, సభలో ఉపన్యాసం ఇచ్చినట్టు సంగతంతా చెప్పాను. ఒక్కళ్ళూ నవ్వలేదు.

"ఏ పాటకి?" అన్నాడు సోములు.

"అదేనయ్యా, మనం బంగళాలో పాడించిన వల పాట."

నరసమ్మ లేచి నిలబడింది. "ఆ దించని పాటకేటి! ఓలమ్మ, దానికి బహుమానం కూడానా!"

అప్పుడు తెలిసింది నాకు, రెండేళ్ళ తర్వాత. సోములు తాడు కింద పెట్టి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు.

"సూడు పంతులమ్మా, వల పాట ఎత్తినోడే దించాల. వల ఒడ్డుకి ఒచ్చీదాక పాడాల, ఒచ్చినాక దించాల. నడిమిన ఒగ్గేసినామంటే వల నీల్లల్లో ఒగ్గేసినట్టే. ఒక పాట నిలబడి ఉండగా ఆ మనిసి ఇంకో పాట ఎత్తకూడదు. మా బావ పాట రెండేల్ల నుంచి నిలబడే ఉన్నాది."

"పాడకుండా ఉన్నాడా రెండేళ్ళూ?"

"ఎలగ పాడతాడు? నానే ఎత్తుతన్నాను. ఆయన తాడు సివర పట్టుకుంటాడు."

"ఆ దించేదేదో ఇక్కడే, ఈ ఒడ్డునే పాడేస్తే పోలేదా?" అన్నాను, కాస్త విసుగ్గానే. నాకు తప్పు చేశానని తెలిసినప్పుడు ముందు వచ్చేది విసుగే.

పోలయ్య తలెత్తాడు. "ఎక్కడ ఒగ్గినామో అక్కడే అందుకోవాల తల్లీ. ఆ పెట్టి కాడ ఒగ్గినాం. పెట్టిని మీరు ఎత్తుకుపోనారు."

ఊళ్ళో టీ కొట్టువాడు ఆ రికార్డు ఒకటి కొన్నాడట. అది పెట్టినప్పుడల్లా పాట లేస్తుంది, లేచి మధ్యలో తెగిపోతుంది. జట్టువాళ్ళు గ్లాసులు అక్కడే పెట్టి లేచిపోతున్నారని, చివరకు కొట్టువాడు దాన్ని చూరులో దోపేశాడట. ఈ రెండేళ్ళలో పోలయ్యను ఒక్కరూ ఒక్క మాట అనలేదు. అదే ఆయనను ఎక్కువ తినేస్తోందని నరసమ్మ నాతో చాటుగా చెప్పింది.

"పలక కోసం నాను రాను," అన్నాడు పోలయ్య. వాళ్ళిచ్చే షీల్డును అతను పలక అన్నాడు, టేపు మిషనును పెట్టి. "ఆ పెట్టి కాడ పాట దించనిస్తామంటే ఒస్తాను. దించనిస్తారా?"

"ఎందుకు దించనివ్వరు? నేను చెప్తాను కదా!" అన్నాను.

ఆ మాట అనే అధికారం నాకు ఏ కోశానా లేదు. శృతి పెట్టె ముట్టుకోకుండానే "సాధన చేశానండీ" అనే పిల్లల్ని రోజూ తిట్టే నేను, అంతకంటే తేలిగ్గా అబద్ధమాడి సాయంత్రం బండికి ఇల్లు చేరాను.

గురువారం మద్రాసు మెయిలు. వాళ్ళు ఆమదాలవలసలో ఎక్కాలి, నేను విజయనగరంలో. పదకొండుకు రావలసిన బండి పావుగంట ఆలస్యంగా వచ్చింది. ఏ పెట్టెలో ఉన్నారో ఎలా వెతకాలా అని కంగారు పడ్డాను గానీ ఆ అవసరం లేకపోయింది. "పంతులమ్మగోరోయ్!" అని నరసమ్మ కిటికీలోంచి పెట్టిన కేకకి ప్లాట్‌ఫారం మీద కుక్కలు కూడా తిరిగి చూశాయి. ఇరవయ్యేళ్ళుగా ఊరూరా తిరిగి చేపలమ్మిన గొంతు అది. నా శిష్యురాళ్ళలో ఒక్కదానికి అందులో సగముంటే నేను ఈపాటికి పేరు తెచ్చుకుని ఉండేదాన్ని.

పెట్టె కిక్కిరిసి ఉంది. నరసమ్మ తన బుట్ట ఒడిలోకి లాక్కుని నాకు చోటు చేసింది. బుట్టలో ఏముందో అడగక్కర్లేదు, పెట్టె మొత్తానికి తెలుస్తూనే ఉంది. మా ఇంట్లో చేప గడప దాటి రాదు. కొత్తవలస దాకా పమిట చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. తర్వాత అలవాటైపోయింది. ఎదుటి బెంచీ మీద బెల్లం వర్తకుడొకాయన అనకాపల్లి వెళ్తున్నాడు. "ఎండు నెత్తళ్ళా? నాలుగు ఇలా ఇయ్యమ్మా, ఇంటికాడ పులుసు పెట్టించుకుంటాను" అని అడిగి మరీ పొట్లం కట్టించుకుని, బదులుగా అచ్చు బెల్లం ముక్క ఇచ్చాడు.

వాల్తేరులో మెయిలు ఇంజను ఒక పక్క విప్పి రెండో పక్క తగిలిస్తారు. బండి వచ్చిన దిక్కుకే బయలుదేరినట్టుంటుంది. ఎరగనివాళ్ళకు ముందే చెప్పి ఉంచడం మంచిది. నేను చెప్పలేదు. అరటిపళ్ళు బేరమాడుతూ కూర్చున్నాను. బండి కదలగానే నరసమ్మ లేచిపోయింది.

"ఏటమ్మా ఇది, బండి ఎనక్కి ఎల్తన్నాది! ఆల్లు మనల్ని వొద్దన్నారేటి?"

పెట్టె అంతా నవ్వింది. పోలయ్య ఒక్కడూ నవ్వలేదు. నా మొహంలోకి చూసి, "దించనిస్తామన్నారు కదా తల్లీ?" అని నెమ్మదిగా అడిగాడు. "అన్నారు" అన్నాను. రెండో అబద్ధం మొదటిదాని కంటే కష్టంగా వచ్చింది.

తునిలో పెరుగన్నం తిన్నాం, నేను తెచ్చింది. సామర్లకోటలో కాఫీ పావలా, దానికి తగ్గట్టే ఉంది. రాజమండ్రి వంతెన మీద బండి నడుస్తుంటే అందరూ గోదాట్లో పైసలు వేశారు. నరసమ్మ నాలుగు నెత్తళ్ళు వేసి దణ్ణం పెట్టింది. "నదికి సేపలేటి ఒసే, దాని సేప దానికే ఇస్తావా!" అని పోలయ్య వెక్కిరించాడు. బండెక్కాక అతను హాస్యమాడడం అదే మొదలు. బెజవాడలో పడుకోవడానికి కాస్త చోటు దొరికింది. తెల్లవారి ఆరింటికి మద్రాసు సెంట్రల్‌లో దిగాం.

కంపెనీవాళ్ళు స్టేషను దగ్గరే లాడ్జిలో రెండు గదులు తీసుకున్నారు. గదులు శుభ్రంగా ఉన్నాయి, నీళ్ళు ఏడు దాటితే రావు. కిందనే భోజనం హోటలు. సాంబారు బాగుంటుంది, అన్నం అడిగినంతా వేస్తారు. లాడ్జి మేనేజరు నరసమ్మ బుట్ట వైపు అనుమానంగా చూస్తే, "అది మా మందులు బాబూ" అంది ఆవిడ తడుముకోకుండా.

సభ సాయంత్రం ఆరింటికి. పొద్దున్న ఏంచేద్దామంటే పోలయ్య సముద్రం చూస్తానన్నాడు. రోజూ చూసేదే కదయ్యా అంటే, "ఊరెల్లినపుడు సుట్టాల్ని సూడమేటి?" అన్నాడు. బస్సులో మెరీనాకి వెళ్ళాం. అక్కడ కొందరు వల లాగుతున్నారు. పోలయ్య ఎవర్నీ అడగలేదు, తిన్నగా వెళ్ళి తాడు చివర పట్టుకున్నాడు. వాళ్ళూ ఎవరు నువ్వని అడగలేదు, జరిగి చోటిచ్చారు. ఒకతను అరవంలో ఏదో అన్నాడు, ఇతను తెలుగులో ఏదో చెప్పాడు, ఇద్దరూ తృప్తిగా తలూపారు. వల ఒడ్డుకొచ్చాక వెలిగిపోతున్న మొహంతో వచ్చాడు.

"మనిసి కనబడితే సాలు, తాడు అందిస్తన్నారు తల్లీ. మంచోల్లు. సాయంత్రం సబలో కూడా బాగా పలుకుతారు."

సభలో జనం ఉంటే చాలు, పాట ఎత్తగానే వాళ్ళే పలుకుతారని అనుకుంటున్నాడు ఈ మనిషి. అతని లెక్కలో అది తప్పు కాదు. కళింగపట్నం ఒడ్డున వల వస్తుంటే తీర్థానికి వచ్చినవాడైనా, పోలీసువాడైనా గొంతు కలపకుండా నిలబడడు. కుర్చీలో చేతులు కట్టుకుని పాట వినే జనాన్ని పోలయ్య జన్మలో చూడలేదు.

మూడింటికి హాలుకు ఒక్కదాన్నే వెళ్ళాను. ఏర్పాట్లన్నీ చూస్తున్నాయన కృష్ణన్ అని కంపెనీ ఉద్యోగి. రెండేళ్ళ క్రితం మిషనుతో వచ్చింది ఆయనే. నన్ను చూసి నిజంగా సంతోషించాడు. నా మాట విన్నాక మాత్రం రెండు చేతులూ జోడించాడు.

"అమ్మా, ప్రోగ్రాం అచ్చు అయిపోయింది. మొత్తం ఇరవై రెండు బహుమతి. ఒకళ్ళకి రెండు నిమిషం. పాడేది సినిమావాళ్ళు మాత్రమే. మీవాడు స్టేజీ ఎక్కేటప్పుడు రికార్డు వేస్తాం, అర నిమిషం. షీల్డు తీసుకుంటాడు, దణ్ణం పెడతాడు, దిగుతాడు."

"రికార్డు వేస్తారా? మధ్యలో ఆపేస్తారా?"

"మరి? అంతా వేస్తే మూడు నిమిషం!"

బతిమాలాను. కోప్పడ్డాను. ఆయన తప్పేమీ లేదు. నా చేతిలో వాచీ ఉన్నప్పుడు నేను చేసిందే, ఆయన చేతిలో ఉన్నప్పుడు ఆయన చేస్తున్నాడు. లాడ్జికి తిరిగొచ్చి, మెట్ల మీద కూర్చుని వాళ్ళిద్దరితో ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఇక్కడ ఒప్పుకోలేదని, అసలు ఒప్పుకుంటారో లేదో కళింగపట్నంలో నాకు తెలియదని, అబద్ధమాడానని.

పోలయ్య భుజం మీది తువ్వాలు తీసి మడతపెట్టాడు. "అయితే నాను రాను. ఆ పలక నువ్వే తెచ్చుకో," అన్నాడు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది.

నరసమ్మ నా వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను, తిట్టింది కూడా. "సదువుకున్నదానివి, నోటికొచ్చినట్టు అబద్ధం ఆడేసినావు!" అని, మొగుడి వైపు తిరిగి, "నువ్వు లే. ఇంత దూరం ఒచ్చి సభ మొహం సూడకుండా ఎలితే మా తమ్ముడికి ఏటని సెప్తావు? లేచి ఇస్త్రీ సొక్కా ఏసుకో" అంది. అతను లేచాడు. ఎందుకు లేచాడో అతనికే తెలియదని నాకనిపించింది.

హాలు చల్లగా ఉంది, మిషనుతో చల్లబరచిన గాలి. నరసమ్మ పమిట కప్పుకుని కూర్చుంది. వెయ్యిమంది దాకా ఉన్నారు. పట్టుచీరలు, సెంటు వాసనలు, వేదిక మీద నలభైమంది వాద్యగాళ్ళు. సినిమా పాటలవాళ్ళు వరసగా వచ్చి షీల్డులు తీసుకుంటున్నారు. కొందరు పాడారు. బాగా పాడారు, అది ఒప్పుకోవాలి. పదిహేడో బహుమతి మాది.

పేరు పిలిచారు. పోలయ్య లేచి నడిచాడు. స్పీకర్లలోంచి రికార్డు మొదలైంది. "తాడు తడిసినాదీ" అని అతని గొంతు, "హైలెస్సా" అని ఇరవై గొంతులు. హాల్లో ఎవరో ఆహా అన్నారు. పోలయ్య మెట్ల దగ్గర ఆగిపోయాడు. రెండేళ్ళ తర్వాత తన గొంతు తనే వింటున్నాడు. "సెయ్యి సురుకన్నాదీ" "హైలెస్సా". మెట్లెక్కాడు. "వల కదిలొస్తన్నాదీ" దగ్గర ముల్లు ఎత్తేశారు. పెద్దమనిషి ఒకాయన నవ్వుతూ షీల్డు చాపాడు.

పోలయ్య చేతులు చాపలేదు. బంగళాలో పెట్టినదానిలాంటి మైకే అది. దాని ముందు నిలబడి, ముల్లు ఎత్తిన చోట కాదు, రెండేళ్ళ క్రితం నేను ఆపిన చోట అందుకున్నాడు.

"ఒడ్డు ముట్టినాదీ..."

అని ఆగాడు. పలకడానికి చోటు వదిలాడు. హాలు నిశ్శబ్దంగా ఉంది. ఒక్క క్షణం తర్వాత చప్పట్లు కొట్టారు. చప్పట్లు వేరు, పలకడం వేరు. అతను జనం వైపు చూశాడు, ఆ చూపు నేను మరిచిపోలేను. అన్ని ముఖాలు ఎదురుగా ఉండి, తాడు పట్టుకునేవాళ్ళు ఒక్కరూ లేరా అన్నట్టు చూశాడు. మళ్ళీ అన్నాడు, ఈసారి కొంచెం తక్కువ గొంతుతో.

"ఒడ్డు ముట్టినాదీ..."

"దిగు తల్లీ దిగూ!"

నా పక్కనుంచి వచ్చింది ఆ కేక. నరసమ్మ నిలబడి ఉంది. వల పాటకు ఆడవాళ్ళు బదులు పలకరు. ఆడవాళ్ళ పని వల వచ్చాక మొదలవుతుంది. కానీ రోజూ పొద్దున్నే ఒడ్డున బుట్టతో నిలబడి విన్న మనిషికి, పాట దించేటప్పుడు పలికే ఆ మాట తెలియకపోవడమేమిటి? ముందు వరసలవాళ్ళు అందరూ వెనక్కి తిరిగారు.

పోలయ్య వీపు నిటారైంది. "ఇసక ముట్టినాదీ..."

వేదిక పక్కనుంచి కృష్ణన్ నాకు సైగ చేస్తున్నాడు. వాచీ చూపిస్తున్నాడు, ఆపమని. నేను లేచి నిలబడ్డాను. నా గొంతు శాస్త్రీయం, పదిమంది ముందు ఎప్పుడూ శృతి చూసుకోకుండా తెరవనిది. "దిగు తల్లీ దిగూ" అని నరసమ్మతో కలిపి అరిచాను. శృతి ఎక్కడుందో నాకు తెలియదు.

"ముడి ఇప్పండి తమ్ములారా..." "దిగు తల్లీ దిగూ!" "సల్లగుండు గంగమ్మా..." "దిగు తల్లీ దిగూ!"

ఎంతసేపని నన్నడగకండి, వాచీ చూడలేదు. చివర పోలయ్య చెయ్యి కిందికి దించి, నేలను తాకి, కళ్ళకద్దుకున్నాడు. పాట దిగింది. ఆ తర్వాతే షీల్డు తీసుకున్నాడు. దిగివచ్చి మా పక్కన కూర్చుని, తువ్వాలు మొహం మీద వేసుకున్నాడు. నరసమ్మ అతని మోకాలి మీద చెయ్యి వేసి, మిగతా అయిదు బహుమతులూ శ్రద్ధగా చూసింది.

కృష్ణన్ బయట ఎదురుపడ్డాడు. తిడతాడనుకుంటే, "అమ్మా, ఆ రోజు ఇది టేపులోకి ఎందుకు రాలేదు?" అన్నాడు. "నేను చెయ్యెత్తాను కనక" అన్నాను. మర్నాడు ఒక పేపర్లో జానపద గాయకుడు కేటాయించిన సమయం మించి పాడారని ఒక్క వాక్యం వేశారు.

శనివారం పొద్దున్న తిరుగు బండెక్కాం. జనం తక్కువ, కిటికీ పక్క చోటు దొరికింది. పోలయ్య కిటికీలోంచి చూస్తూ ఏదో కూనిరాగం తీస్తున్నాడు. నరసమ్మ నన్ను మోచేత్తో పొడిచి, "ఇన్నావా?" అంది. విన్నాను. నేను విజయనగరంలో దిగిపోవలసినదాన్ని. దిగలేదు. పాట దించాడని ఒడ్డున సాక్ష్యం చెప్పాలి కదా, ఆపినదాన్ని నేనే అయినప్పుడు. ఆదివారం ఉదయం ఆమదాలవలసలో దిగి, శ్రీకాకుళంలో మొహాలు కడుక్కుని, మొదటి బస్సుకి కళింగపట్నం చేరాం.

జట్టు వల వేసి తాళ్ళు సర్దుకుంటోంది. సోములు షీల్డు అటూ ఇటూ తిప్పి చూసి అక్కకి తిరిగిచ్చేశాడు. పోలయ్యను ఏమీ అడగలేదు, నన్నడిగాడు.

"దించినాడా?"

"దించాడు. ఎక్కడ ఆపానో అక్కడే అందుకుని, పూర్తిగా దించాడు. ఆ రోజు ఆపింది నేను. నాకు తెలియక ఆపాను, తప్పు నాది. అందరికీ చెప్తున్నాను."

"ఎవులు పలికినారు?"

ఆడవాళ్ళు పలికిన పాట చెల్లుతుందో లేదో నాకేం తెలుసు? "మీ అక్క పలికింది. నేనూ పలికాను. ఇంకెవరూ పలకలేదు."

సోములు ఆలోచించాడు. ఇరవైమందీ అతని నోటి వంక చూస్తున్నారు. పోలయ్య ఇసుక వంక చూస్తున్నాడు. ఆ కాస్త సేపట్లో నేను తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను.

"పాట దిగినాదా నేదా అన్నదే గావాల," అన్నాడు సోములు చివరకు. "ఎవులు పలికితే ఏటి? గంగమ్మ ఆడది కాదేటి?" తన చేతిలోని తాడు మొదలు పోలయ్య చేతికిచ్చాడు. "బావా, ఎత్తు. నాకు గొంతు పోనాది రెండేల్ల నుంచి."

పోలయ్య తాడు పట్టుకున్నాడు. నోరు తెరిచాడు గానీ మొదటిసారి మాట రాలేదు. ఎవరూ తొందరపెట్టలేదు. రెండోసారి వచ్చింది. ఇరవైమంది పలికి లాగారు. నేను ఇసుకలో కూర్చుని ఏడ్చాను. సిగ్గుపడలేదు కూడా.

వల వచ్చేసరికి గంటన్నర పట్టింది. గొప్ప వేటేమీ కాదు, ఒక మాదిరి. కానాగంత చేపలు, కొన్ని నెత్తళ్ళు. వాటాలు వేస్తూ సోములు తాటాకు బుట్ట ఒకటి నా ముందు పెట్టాడు. అందులో నాలుగు కానాగంతలు, ఇంకా కదులుతూ.

"నాకెందుకయ్యా? నేను తాడు పట్టలేదు. పైగా మేం తినం."

"తింతావో తినవో నీ ఇష్టం. మద్రాసులో పలికినావు కదా. పలికినోలందరికీ వాటా ఉన్నాది. ఆ పాట వాటా ఇది."

ఈ ప్రయాణం గురించి మొత్తంమీద ఏం చెప్పను? మెయిలు సుఖంగానే ఉంటుంది, మద్రాసులో సాంబారు బాగుంటుంది, పొద్దున్న ఏడు లోపల నీళ్ళు పట్టుకోవాలి. సభ గొప్పగా ఉంటుంది, పిలిస్తే వెళ్ళండి. కళింగపట్నం మాత్రం పిలవకపోయినా వెళ్ళండి. అంత చిన్న ఊరిలో అంత మర్యాద నేను ఇంకెక్కడా చూడలేదు. రెండేళ్ళు ఒక మనిషిని మూగవాణ్ణి చేసినదాన్ని, ఎండలో నిలబెట్టి అడగడానికి బదులు వాటా ఇచ్చి పంపారు.

సాయంత్రం అయిదింటి పాసింజరులో తాటాకు బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చీపురుపల్లిలో ఒకావిడ ఎక్కి, నా కట్టూ బొట్టూ చూసి, బుట్ట చూసి, మళ్ళీ నన్ను చూసింది.

"తాజాగున్నాయి. ఎంతకిచ్చారమ్మా?"

"కొనలేదు. వల పాటకి నా వాటా."

"ఓలమ్మ! వల పాట పాడతావేటి నువ్వు?"

"పాడను," అన్నాను. "పలుకుతాను."